బ్రౌజర్ ఆపినప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఏదో సైట్ తెరవబోతుంటే బ్రౌజర్ అడ్డుపడి, మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదని హెచ్చరిస్తుంది కదా. మీలో చాలామంది ఆ పేజీ చదవకుండానే 'అడ్వాన్స్‌డ్' నొక్కి, ఆ వెంటనే 'ప్రొసీడ్' కూడా నొక్కేస్తున్నారు. అది చూస్తే నాకు బెంగగా ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మీరు అడ్రస్ కొట్టగానే అవతలి సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో సైట్ పేరు, గడువు తేదీ, జారీ చేసిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. ఏ సంస్థల సంతకాలను నమ్మాలో బ్రౌజర్ దగ్గర ముందే ఒక జాబితా ఉంటుంది. పేరు కలవకపోయినా, గడువు దాటినా, సంతకం ఎవరిదో తేలకపోయినా అది ఆపేస్తుంది. ఆపినంత మాత్రాన ఆ సైట్ దొంగదని కాదు. మాట్లాడుతున్నది అసలు సైట్‌తోనే అని బ్రౌజర్‌కు నమ్మకం కుదరలేదని అర్థం.

ఆ నమ్మకం ఎంత ముఖ్యమో 2011లో తెలిసొచ్చింది. నెదర్లాండ్స్‌లో సర్టిఫికెట్లు జారీ చేసే డిజినోటార్ అనే సంస్థలోకి హ్యాకర్లు చొరబడి, గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద ప్రయోగించారు. నమ్మిన జాబితాలోని సంస్థ సంతకమే కాబట్టి చాలా బ్రౌజర్లకు అనుమానం రాలేదు. క్రోమ్‌లో మాత్రం గూగుల్ సైట్లకు అదనపు తనిఖీ ఉండేది, అది హెచ్చరించింది. అక్కడి వినియోగదారు ఒకరు ఆ హెచ్చరికను పట్టించుకుని, ఇదేమిటని అడిగారు. గుట్టంతా అలా బయటపడింది. బ్రౌజర్లు డిజినోటార్‌ని తమ జాబితాల్లోంచి తీసేశాయి, ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసింది. ఆ మనిషి కూడా 'ప్రొసీడ్' కోసం వెతుక్కుని ఉంటే ఇంకెన్నాళ్లు సాగేదో!

అన్నిసార్లూ ఇంత కథ ఉండదు, టెన్షన్ పడకండి. ముందు మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. పాత కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది, అప్పుడు మంచి సైట్లకు కూడా హెచ్చరికే వస్తుంది. తేదీ బాగానే ఉంటే వైఫై వదిలి మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. అప్పుడు హెచ్చరిక రాకపోతే తేడా ఆ వైఫైలోనే ఉంది, దాని మీద ఏ పాస్‌వర్డూ కొట్టకండి. ఒక్క సైట్‌కే గడువు దాటిందని చూపిస్తే, చాలావరకు దాని నిర్వాహకులు రెన్యూ చేయడం మరిచిపోయి ఉంటారు. వాళ్లు సరిచేసేదాకా ఆగండి.

మీ ఇంటి రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచినప్పుడూ ఈ హెచ్చరిక రావచ్చు. రౌటర్ తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెట్టుకుంటుంది కాబట్టి అలా వస్తుంది. మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉండి, మీరే ఆ అడ్రస్ కొట్టి ఉంటే అక్కడ ముందుకు వెళ్లవచ్చు. బ్యాంకు, మెయిల్ వంటి చోట్ల మాత్రం వద్దు. అలాంటి చాలా సైట్లకు బ్రౌజరే ఆ 'ప్రొసీడ్' దారి మూసేస్తుంది, అది మన మంచికే.

హెచ్చరిక రాకపోతే సైట్ మంచిదేనని కూడా అనుకోవద్దు. మోసగాళ్లు కూడా తమ సైట్ పేరు మీద సర్టిఫికెట్ ఉచితంగా తెచ్చుకోగలరు. అందుకే అడ్రస్‌లో స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చూసుకోండి.

ఇప్పటికే హెచ్చరిక దాటి వెళ్లి ఎక్కడైనా పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, దాచిపెట్టకుండా ఇంట్లో చెప్పండి. నమ్మకమైన నెట్‌వర్క్ మీద నుంచి ఈరోజే దాన్ని మార్చేయండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నా అక్కడ కూడా మార్చండి.

ప్రేమతో,
మీ తాతయ్య