సంపూర్ణ ప్రత్యామ్నాయాలు: 2.5 = 2.25 అని రాసి ఆగిపోయేవాళ్ల కోసం

మైక్రో ఎకనామిక్స్ పాఠం చెప్తూ, పేపర్లు దిద్దుతూ ఉంటాను కాబట్టి ఈ టాపిక్‌లో ఎవరు ఎక్కడ జారిపడతారో దాదాపు కంఠతా వచ్చేసింది.

అపోహ: సంపూర్ణ ప్రత్యామ్నాయాలంటే ఒకటికి ఒకటి చొప్పున మార్చుకోగలిగే వస్తువులు.

వాస్తవం: మార్పిడి రేటు మారకుండా ఉంటే చాలు, అది 1:1 కానక్కర్లేదు. ఒకే రకం బ్యాటరీలు పెద్ద ప్యాకెట్‌లో 10, చిన్న దాంట్లో 4 వస్తాయనుకోండి. మీకు కావలసింది బ్యాటరీలే అయితే ఒక పెద్ద ప్యాకెట్ రెండున్నర చిన్న ప్యాకెట్లతో సమానం, మీ దగ్గర ఇప్పటికే ఏవి ఎన్ని ఉన్నా సరే. ఉదాసీనతా రేఖ (ఒకే తృప్తినిచ్చే కలయికలన్నిటినీ కలిపే గీత) వంపు లేకుండా తిన్నగా వచ్చేది అందుకే.

అపోహ: ఉపాంత ప్రతిస్థాపన రేటును (ఒక వస్తువు ఇంకొకటి దక్కితే రెండోది ఎంత వదులుకుంటారో ఆ రేటు) ధరల నిష్పత్తికి సమానం చేస్తే సమాధానం వస్తుంది.

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. పెద్ద ప్యాకెట్ ధర 45, చిన్నది 20, బడ్జెట్ 180. అలవాటు కొద్దీ సూత్రం వేస్తే ఎడమవైపు 10/4, కుడివైపు 45/20, అంటే 2.5 = 2.25 అని వస్తుంది, ఇక టెన్షన్ మొదలు, లెక్క ఎక్కడో తప్పిందని కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేస్తారు (ఒక పేపర్లో మూడుసార్లు కొట్టేసి ఉంది, పాపం మూడుసార్లూ లెక్క కరెక్టే). ఉదాసీనతా రేఖ, బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బంతా పెట్టి కొనగలిగే కలయికల గీత), రెండూ తిన్నని గీతలే, వాలు వేరు, అవి ఒకదాన్నొకటి స్పర్శించేదెలా? ఒక్కో బ్యాటరీ ఎంతకు పడుతుందో చూడండి, పెద్ద ప్యాకెట్‌లో 4.5, చిన్నదాంట్లో 5. డబ్బంతా పెద్ద ప్యాకెట్ల మీదే పెడితే 40 బ్యాటరీలు, చిన్నవాటి మీద పెడితే 36. సమాధానం బడ్జెట్ రేఖ చివర్లో ఉంది, అన్నీ పెద్ద ప్యాకెట్లే, అంతే.

అపోహ: ధర తగ్గితే కొనుగోలు ఎంతో కొంత పెరిగి తీరుతుంది.

చిన్న ప్యాకెట్ 20 నుంచి 19కి దిగినా ఒక్కటీ కొనరు, ఎందుకంటే బ్యాటరీ ఇంకా 4.75 పడుతోంది. సరిగ్గా 18 దగ్గర రెండూ ఒకటే, 4 పెద్దవి కొన్నా, 10 చిన్నవి కొన్నా, 2 పెద్దవి 5 చిన్నవి కలిపి కొన్నా అవే 40. అంతకంటే కాస్త దిగిందంటే మొత్తం అటు దూకేస్తారు. 15కి వస్తే 12 చిన్న ప్యాకెట్లు. అందులో 10 వరకు ప్రత్యామ్నాయ ప్రభావం (చవకైన దానివైపు మారడం వల్ల వచ్చేది), ఎందుకంటే పాత 40 బ్యాటరీలకు అవి చాలు, మిగతా 2 ఆదాయ ప్రభావం (అదే డబ్బుతో ఎక్కువ కొనగలగడం వల్ల వచ్చేది). అలా కాకుండా మొదట కొంటున్న పెద్ద ప్యాకెట్టే 45 నుంచి 36కి తగ్గితే 4 కాస్తా 5 అవుతాయి, మారడానికి ఎటూ ఏమీ లేదు కాబట్టి అదంతా ఆదాయ ప్రభావమే. ఈ తేడా అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు.

అపోహ: రెండూ కలిపి కొన్నారంటే అవి సంపూర్ణ ప్రత్యామ్నాయాలు కావు.

18 దగ్గర ఏం జరిగిందో చూశాం కదా. ఒక్కో బ్యాటరీ ధర సమానం కాకపోయినా కలిపి కొనొచ్చు, ఎందుకంటే ప్యాకెట్‌ను సగం చేసి ఎవరూ అమ్మరు. పాత ధరలకే బడ్జెట్ 200 అనుకోండి. 4 పెద్దవి కొన్నాక 20 మిగులుతుంది, దానికి మరో పెద్దది రాదు, ఒక చిన్నది వస్తుంది, మొత్తం 44. అన్నీ చిన్నవే కొంటే 40.