రెండో క్యాబినెట్ ఎందుకు మొయ్యాలి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఆర్కెస్ట్రాల్లోనో చర్చి బ్యాండ్లలోనో గిటార్ వాయించే మన కుర్రాళ్ళు నాలుగు డబ్బులు కూడబెట్టుకోగానే అడిగేది ఇదే: హాఫ్ స్టాక్ కొనాలా, ఫుల్ స్టాక్ కొనాలా? నా మాట ముందే చెప్పేస్తున్నా, హాఫ్ స్టాక్ చాలు. కారణాలు మాత్రం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇందులో చాలామంది అనుకునేదొకటి, శబ్దం చేసేదొకటి.

యాంప్ హెడ్ (స్పీకర్లు లేని విడి యాంప్లిఫయర్) ఒకటి, దాని కింద పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్ ఒకటి ఉంటే అది హాఫ్ స్టాక్. అలాంటి క్యాబినెట్లు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఫుల్ స్టాక్, హెడ్డుతో కలిపి దాదాపు ఆరడుగులు. 1965 ప్రాంతంలో లండన్‌లో ది హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తనకు వంద వాట్ల యాంపు, ఎనిమిది స్పీకర్ల పెట్టె కావాలని యాంపులు తయారుచేసే జిమ్ మార్షల్‌ని అడిగాడు. ఎనిమిదీ ఒకే పెట్టెలో పెట్టి చేస్తే మోసేవాళ్ళు లబోదిబోమన్నారు, దాంతో దాన్ని రెండు పెట్టెలు చేశారు. అప్పటి స్పీకర్ ఒక్కోటి ఇరవై, పాతిక వాట్లకు మించి తట్టుకునేది కాదు. పైగా హాళ్ళలో గిటార్‌కి మైక్ పెట్టి వినిపించే వ్యవస్థ ఇంకా రాలేదు, చివరి వరసదాకా శబ్దాన్ని స్టేజీ మీది యాంపే మొయ్యాలి. ఈ రెండు ఇబ్బందులూ ఇప్పుడు లేవు. ఈరోజు స్పీకర్ ఒక్కోటి 60, 75 వాట్లు తట్టుకుంటుంది, నాలుగు కలిస్తే వంద వాట్ల హెడ్‌కి మించే ఉంటుంది.

సరే, పెట్టెలు రెండైతే శబ్దం రెట్టింపవుతుంది కదా అంటారు. అవ్వదు. హెడ్ ఒకటే కాబట్టి ఉన్న వాట్లే రెండు పెట్టెలూ పంచుకుంటాయి. రెండూ ఆనుకుని ఉండటం వల్ల కింది స్వరాల్లో ఒకదాని తోడు ఇంకొకటి కలిసొచ్చి మహా అయితే 3 డెసిబెళ్ళు పెరుగుతాయి. మన చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి. కాబట్టి ఆ రెండో పెట్టె మీకిచ్చేది కాస్త బరువైన బేస్, అంతే.

అసలు ఆసక్తికరమైన విషయం శబ్దం ఎటు పోతుందన్నది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ తరంగం పొడవు నాలుగు మీటర్లు. 30 సెంటీమీటర్ల స్పీకర్ దానికి చాలా చిన్నది కాబట్టి ఆ శబ్దం అన్ని వైపులకీ పరుచుకుంటుంది. అదే 4000 హెర్ట్జ్ దగ్గర తరంగం 8 సెంటీమీటర్ల చిల్లర, స్పీకర్ కంటే బాగా చిన్నది, అప్పుడు శబ్దం టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకే పోతుంది. ఇప్పుడు హాఫ్ స్టాక్‌ని నేల మీద పెట్టి దాని ముందే నిలబడి వాయించండి. చురుకైన శబ్దమంతా మీ మోకాళ్ళకి తగులుతుంది, మీకు మందంగా వినిపిస్తుంది, మీరు ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా మొదటి వరసలో కూర్చున్నవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి. ఫుల్ స్టాక్ వాళ్ళకి పై పెట్టె చెవి ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. నా లెక్కలో ఫుల్ స్టాక్‌లో నిజంగా మెచ్చుకోదగ్గ గుణం ఇదొక్కటే. అయితే దానికి ఇంకో పెట్టె కొనక్కర్లేదు, ఉన్న పెట్టెని గట్టి బల్ల మీదకి ఎక్కించినా, కాస్త వెనక్కి వాల్చినా సరిపోతుంది. మన దగ్గర టెంట్ హౌస్ వాళ్ళు వేసే చెక్క స్టేజీ కింద డొల్లగా ఉంటుంది, క్యాబినెట్ అడుగు దానికి ఆనితే స్టేజీ కూడా గుమ్మంటుంది, బల్ల వేస్తే ఆ తలనొప్పి కూడా కొంత తగ్గుతుంది.

ఠాకురాణి యాత్రో, దసరా ప్రోగ్రామో, జనం ఎంతమంది ఉన్నా సౌండ్ వాళ్ళు ఒక్క స్పీకర్ ముందు ఒక్క మైక్ పెడతారు, జనానికి వెళ్ళేది అదే. ఫుల్ స్టాక్ అయితే మిగతా ఏడు స్పీకర్లు స్టేజీ మీదివాళ్ళ చెవుల మీద పడతాయి. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది, 100 దగ్గర పావుగంటే. వంద వాట్ల హెడ్ పూర్తిగా తెరిస్తే మీటరు దూరంలో 115 దాటుతుంది. దయచేసి ఇయర్ ప్లగ్స్ వాడండి, పోయిన వినికిడి తిరిగి రాదు.

బరువు సంగతి చెప్పాలా? ఇలాంటి క్యాబినెట్ ఒక్కోటి 35 కిలోలు అటూ ఇటూ. హాఫ్ స్టాక్ అయితే ఇద్దరు పట్టుకుని ఆటోలో సర్దుకోవచ్చు, గుణుపురం నుంచి రాయగడ వెళ్ళే దారిలో ఫుల్ స్టాక్ కోసం ప్రత్యేకంగా బండి మాట్లాడాలి.

ఇంత చెప్పినా రెండో పెట్టె కలపాలనుకుంటే ఓమ్స్ (కరెంటుకి పెట్టె ఇచ్చే అడ్డు లెక్క) చూసుకోండి. 16 ఓమ్స్ క్యాబినెట్లు రెండు సమాంతరంగా కలిపితే 8 అవుతుంది, 8 ఓమ్స్‌వి రెండు కలిపితే 4. ట్యూబ్ హెడ్ (గాజు వాల్వులతో పనిచేసేది) అయితే వెనకాల స్విచ్చిని ఆ అంకె మీదే పెట్టాలి, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. ట్రాన్సిస్టర్ హెడ్ అయితే దాని మీద రాసిన కనీస ఓమ్స్ కంటే కిందికి పోకూడదు, వేడెక్కి పోతుంది. హెడ్‌కీ పెట్టెకీ మధ్య గిటార్ వైరు పెట్టొద్దు, లావుపాటి స్పీకర్ వైరే పెట్టాలి. ట్యూబ్ హెడ్‌ని మాత్రం స్పీకర్ తగిలించకుండా ఒక్క నిమిషం కూడా వాయించొద్దు.