మొక్కల మేళాలు: స్టాల్ వెనక నిలబడి చూస్తే

పొరుగు రాష్ట్రంలో నర్సరీ ప్రదర్శనకు వెళ్లి, తిరుపతి నుంచి వచ్చామని చెబితే మొదటి మాట లడ్డూ గురించి, రెండోది ఎర్రచందనం గురించి. సొంత పొలంలో పెంచుకోవచ్చని, నరకడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలని ఎందరికి చెప్పానో లెక్కలేదు. నేను చంద్రగిరి దగ్గర మామిడి అంట్లు కడతాను. అప్పుడప్పుడు తోటల గురించి నాలుగు ముక్కలు రాస్తాను. ఈ ప్రదర్శనల మీద జనానికి ఉన్న అపోహల్లో కొన్ని ఒకప్పుడు నావే.

అపోహ: అమ్మకం జరగకపోతే స్టాల్ దండగ.

వాస్తవం: మొదటిసారి రెండు వందల అంట్లు తీసుకెళ్లి నూట నలభై వెనక్కి తెచ్చాను. "ఇంటి దగ్గరే ఉంటే ఆ లారీ బాడుగైనా మిగిలేది కదండీ" అంది మా ఆవిడ. కానీ నేను వెళ్లిన ప్రదర్శన జనవరిలో. మా వైపు రైతు మామిడి నాటేది తొలకరి పడ్డాక. ఆ రోజు ఒట్టి చీటీ తీసుకుని వెళ్లినవాళ్లు జూన్‌లో ఫోన్ చేశారు. పైగా ప్రోట్రేలు (నారు పెంచే గుంతల ట్రేలు), షేడ్ నెట్, కొబ్బరి పొట్టు అమ్మేవాళ్లంతా ఒకే చోట దొరుకుతారు. ధరలో తేడా నడుస్తూనే తెలిసిపోతుంది.

అపోహ: సంచిలోనే కాయ కాసిన మొక్క త్వరగా దిగుబడినిస్తుంది.

వాస్తవం: మోకాలెత్తు మామిడి మొక్క, దానికి వేలాడుతూ ఒక్క కాయ. చుట్టూ ఫోన్లు పట్టుకుని జనం. ఇందులో గొప్పేమీ లేదు. టెంక నుంచి వచ్చిన లేత మొలక మీద కాపు చెట్టు కొమ్మను అంటుకడతాం. ఆ కొమ్మకు పూత పూసే వయసు ముందే వచ్చేసింది కాబట్టి సంచిలోనే పూస్తుంది. కింద వేరు మాత్రం పసిదే. నాటాక మూడేళ్ల దాకా పూత తుంచేయాలి, లేకపోతే మొక్క గిడసబారుతుంది. మరి స్టాల్‌లో మేమెందుకు తుంచం అంటారా? జనం ఆగేది ఆ కాయ కోసమే!

కుండీ నిండా గుబురుగా పూసిన మొక్కలదీ ఇదే వరస. కొన్నిటికి పొట్టిగా ఉండేందుకు పాక్లోబ్యూట్రజాల్ ఇస్తారు. మామిడి పూతకు మన రైతులు చెట్టు మొదట్లో పోసే మందే అది. దాని ప్రభావం తగ్గాక మొక్క బారుగా సాగిపోతుంది. ఇక బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసి మనసు పారేసుకునేవారికి ఒక్క మాట: ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పూల మొక్క కుప్పంలో బతకొచ్చు, రేణిగుంట మే నెల ఎండకు నిలవడం కష్టం.

అపోహ: కొత్త రకం ఒకటి తెచ్చి నాటితే నష్టమేముంది?

వాస్తవం: ఓసారి జామ మొక్కలు కొన్నాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఇంటికొచ్చాక అనుమానంతో ఒక సంచి చింపి, మట్టి విదిలించి చూస్తే పిల్లవేర్ల నిండా బుడిపెలు, ఆవగింజంతవి, శనగగింజంతవి. వేరుబుడిపె నులిపురుగు. ఒకసారి పొలం మట్టిలో చేరితే దాన్ని పూర్తిగా వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. అప్పటినుంచి ఏ మొక్క కొన్నా చింపి చూడటానికి ఒకటి ఎక్కువ కొంటాను. మిగతావాటిని నెల రోజులు బావి అవతల విడిగా ఉంచుతాను. కొబ్బరిని పీడించే సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు, కేరళల్లో బయటపడి తర్వాత మన కోస్తాకూ పాకింది. నర్సరీ మొక్కల రవాణా అలాంటి పురుగులకు మంచి వాహనం.

విదేశీ ప్రదర్శనల నుంచి నాలుగు కొమ్మలు జేబులో వేసుకొస్తామనేవాళ్లూ ఉన్నారు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు అందుకు ఒప్పుకోదు.

అపోహ: రాసేవాళ్లకు అక్కడ ఫొటోలు తప్ప ఏముంటుంది?

వాస్తవం: పేర్లుంటాయి. తోతాపురిని మేం బెంగళూరు అంటాం, కొందరు కలెక్టర్ అంటారు, తమిళులు కిళిమూక్కు అంటారు. బంగనపల్లి మా నోట్లో బేనీషా. ఇది తెలియకుండా రాస్తే పాఠకుడు ఒకే రకాన్ని మూడుసార్లు కొంటాడు.

నా తప్పు ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక స్టాల్‌లో కోనోకార్పస్ చూసి, నెలల్లో పచ్చటి గోడ లేస్తుందని మెచ్చుకుంటూ రాశాను. గోడ లేచిన మాట నిజమే. దాని వేర్లు, పుప్పొడి చేసే చేటు గురించి మాత్రం అడగలేదు. 2023లో గుజరాత్ ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. ఇప్పుడు ఏ స్టాల్‌కు వెళ్లినా నా మొదటి ప్రశ్న, "ఇది ఎక్కడ చచ్చిపోతుంది?" చాలామంది మొహం చిట్లిస్తారు. కడియం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం నా బ్యాడ్జీ మీద ఊరి పేరు చదివి, "మీ తిరుపతిలోనే బాబూ, మే నెలలో" అన్నారు. ఆ మొక్క కొనలేదు కానీ ఆయన ఫోన్ నంబరు రాసుకున్నాను.