సంతకం పెట్టాక ఫలితం ఎక్కడికి పోతుంది?

షుగరు వల్ల అరికాళ్లు మండుతున్నాయని, తిమ్మిర్లతో నిద్ర పట్టడం లేదని చెప్పే రోగికి రాజమహేంద్రవరంలోనైనా అమలాపురంలోనైనా వైద్యులు రాసే మందుల్లో గాబాపెంటిన్ ఒకటి. కొందరికి అది నిజంగానే ఉపశమనం ఇస్తుంది. అయితే వైద్య పత్రికల్లో అచ్చయిన ఫలితాలను ఎంతవరకు నమ్మాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ బిళ్ల పేరు వినిపిస్తుంది. ఔషధ పరీక్షలకు నేడు ఉన్న నిబంధనల వెనుక కథలో కొంత భాగం దీనిదే.

1993 చివర్లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది మూర్ఛకు మాత్రమే, అదీ మరో మందుకు తోడుగా వాడడానికి. అమ్మకాలు పెరగాలంటే మూర్ఛ రోగులు చాలరు. అందుకే తయారీ సంస్థ పార్క్-డేవిస్ మైగ్రేన్‌కు, రకరకాల నొప్పులకు, మానసిక రుగ్మతలకు కూడా దీన్ని ప్రచారం చేసింది. ఆ ప్రచారంలో పత్రికా వ్యాసాలది పెద్ద పాత్ర. కంపెనీ డబ్బు తీసుకున్న రచనా సంస్థలు వ్యాసాలు సిద్ధం చేస్తే, వాటి మీద వైద్యుల పేర్లు కనిపించాయి. ‘స్టెప్స్’ అనే పరీక్షలో 772 మంది వైద్యులు 2,759 మంది రోగులను చేర్చారు. కోర్టు కేసులో బయటపడ్డ కంపెనీ కాగితాలను తిరగేసిన పరిశోధకులు, ఆ వైద్యులకు ఈ మందు రాయడం అలవాటు చేయడమే దాని అసలు ఉద్దేశమని 2011లో తేల్చారు. నిజానికి పరీక్షకు గురైంది వైద్యులే. ఆ సంగతి వారికి గాని, రోగులకు గాని ఎవరూ చెప్పలేదు.

ఆ కంపెనీలో కొద్దికాలం పనిచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ 1996లో కేసు వేశారు. 2004లో కంపెనీ నేరం ఒప్పుకుని సుమారు 43 కోట్ల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది. అంతకంటే నన్ను కలవరపెట్టే లెక్క 2009లో వచ్చింది. అనుమతి లేని ఉపయోగాలపై జరిగిన 20 పరీక్షల్లో పూర్తిగా అచ్చయినవి 12. వాటిలోనూ 8 పరీక్షల్లో, ముందుగా ప్రణాళికలో రాసుకున్న ప్రధాన ఫలితానికీ పత్రికలో చూపినదానికీ పొంతన లేదు.

పరిశోధన ఫలితాలు వెలుగు చూడకపోవడం గోదావరి డెల్టా వాళ్లకు తెలియని కథ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చేసిన కృషిలో కొంత భాగాన్ని ఆయనతో పనిచేసిన సైరస్ ఫిస్కే బయటికి రానివ్వలేదని, దాన్ని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పారు. అక్కడ పోయింది ఒక శాస్త్రవేత్తకు రావలసిన పేరు, కొన్నేళ్ల కాలం. రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాన్ని దాచిపెడితే మాత్రం, పనిచేయని మందునే మరో ఊళ్లో మరికొందరు మింగుతారు.

2004 సెప్టెంబరులో వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ గట్టి షరతు పెట్టింది. మొదటి రోగిని చేర్చుకోకముందే పరీక్షను బహిరంగంగా నమోదు చేయాలి, లేకపోతే అచ్చు వేయరు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2007 జూలై 20న సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీని తెరిచింది. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. అయినా పరీక్ష మొదలయ్యాక, చివరికి ముగిశాక కూడా నమోదుకు వీలుండేది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టున్న ఈ పద్ధతికి 2018 ఏప్రిల్ 1 నుంచి గాని స్వస్తి చెప్పలేదు.

పరీక్షలో చేరేవారి నుంచి తీసుకునే సమ్మతికి నిబంధనలు బిగుసుకోవడం వెనుక ఒక ఉదంతం మన నదికి ఎగువనే జరిగింది. 2009లో భద్రాచలం సహా అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో ఒక పరిశోధనలో భాగంగా బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు జోక్యంతో, సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలన్న ఆదేశం వచ్చింది.

నాడీ వ్యాధుల్లో ఈ సంతకం మరింత చిక్కు. పక్షవాతం వచ్చినవారికి మాట పడిపోయి ఉండవచ్చు. అల్జీమర్స్ రోగికి నిన్న విన్నది ఇవాళ గుర్తుండదు. అలాంటప్పుడు చట్టం దగ్గరి బంధువు సంతకాన్ని ఒప్పుకుంటుంది. లంక గ్రామం నుంచి తండ్రిని పంటు మీద గోదావరి దాటించి ఆసుపత్రికి చేర్చిన కొడుకు, మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందుకున్న నాలుగున్నర గంటల గడువులో ఎంత మిగిలిందో చూసుకుంటాడా, పేజీలకు పేజీల పత్రం చదువుతాడా? వైద్యుడి మాట నమ్మి సంతకం పెడతాడు. వైద్యుడేమో అచ్చయిన వ్యాసాన్ని నమ్ముతాడు.

ఆ వ్యాసాల్లోనూ కల్తీ ఉండవచ్చు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం, ఎలుకల్లో జ్ఞాపకశక్తి తగ్గడానికి, అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్ తాలూకు ఒక రూపం కారణమని చూపింది. రెండు వేలకు పైగా వ్యాసాలు దాన్ని ఉటంకించాయి. అందులోని చిత్రాలు దిద్దినట్టున్నాయన్న అనుమానం 2022లో బయటపడింది. వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది 2024లో. ఆ ప్రొటీనే అల్జీమర్స్‌కు మూలమనే అమిలాయిడ్ సిద్ధాంతమంతా ఆ ఒక్కదాని మీదే నిలబడలేదన్నది నిజమే. కానీ తప్పు దిద్దుకోవడానికి పద్దెనిమిదేళ్లు పట్టడం చిన్న విషయం కాదు.

డెల్టాకు ఆనుకుని ఉన్న ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. కొద్దిరోజుల్లోనే పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చన్న మాట ప్రభుత్వ సమీక్షలో వచ్చింది. అది ఔషధ పరీక్ష కాదు. అయినా నమూనాకు రక్తం ఇచ్చిన మనిషికి, పరీక్షలో మందు మింగిన మనిషికి ఉన్న హక్కు ఒకటే: తన శరీరం నుంచి ఏం తెలిసిందో పూర్తిగా వినడం.

ప్రతికూల ఫలితాలనూ బయటపెట్టాలని, మనుషులపై జరిగే వైద్య పరిశోధనకు నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటన 2000 సవరణలోనే ఉంది. పరీక్ష ముగిసిన ఏడాదిలోగా ముఖ్య ఫలితాలు రిజిస్ట్రీలో పెట్టాలని, రెండేళ్లలోగా పత్రికలో ప్రచురించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కోరింది. ఔషధ పరీక్షలో చేరమని మీ ఇంట్లో ఎవరినైనా అడిగితే, ముందు సీటీఆర్‌ఐ సంఖ్య రాసి ఇమ్మనండి. ఆ వెబ్‌సైటులో ఎవరైనా వెతికి చూడవచ్చు. ప్రధానంగా ఏ ఫలితాన్ని కొలుస్తారో అందులో రాసి ఉంటుంది. ‘ప్రచురణ వివరాలు’ అనే గడి నమోదు నాటికి ఖాళీగా ఉండడం సహజమే. పరీక్ష ముగిసిన రెండేళ్లకూ అలాగే ఉంటే, సంతకం తీసుకున్న వైద్యుణ్నే వెళ్లి అడగండి.