కూల్ థర్మోస్టాట్ వేస్తే బండి చల్లబడుతుందా? అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే మా వర్క్‌షాప్‌కి ఒకటే రకం ఫోన్లు. "అన్నా, బండి హీటెక్కుతోంది, 71 డిగ్రీల థర్మోస్టాట్ దొరుకుతుందా?" అడిగేవాళ్లలో రీమ్యాప్ (పవర్ కోసం ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్పించడం) చేయించిన టర్బో పెట్రోల్ కార్లవాళ్లే ఎక్కువ. అమెరికా ట్యూనింగ్ వీడియోల్లో 160 థర్మోస్టాట్ అంటూ ఊదరగొడతారు కదా, ఆ ఫారన్‌హీట్ అంకెని మన లెక్కలోకి మారిస్తే వచ్చేదే ఈ 71. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వదిలే వాల్వ్; మామూలుకంటే తక్కువ డిగ్రీలకే తెరుచుకునేది కూల్ థర్మోస్టాట్. వాళ్ల ఆలోచన పూర్తిగా తప్పని అనను, కానీ సగమే విని డబ్బులు పెడుతున్నారు.

అపోహ: 71 థర్మోస్టాట్ వేస్తే ఇంజన్ 71 దగ్గరే నిలబడుతుంది

నిలబడదు. థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది. రాసి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అక్కడితో దాని పని అయిపోయింది. ఆ పైన ఏం జరిగినా రేడియేటర్, ఫ్యాన్, ఎదురుగాలి చూసుకోవాల్సిందే. ఇంజన్ ఎంతకంటే తక్కువకి దిగకూడదో థర్మోస్టాట్ చెబుతుంది, ఎంతకంటే పైకి ఎక్కకూడదో చెప్పే శక్తి దానికి లేదు.

ఇప్పుడు మన ఎండాకాలం లెక్క వేయండి. రేడియేటర్ వేడిని బయటికి పంపేది కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీదే. బయట 43 డిగ్రీలు, కూలెంట్ 95 అనుకుంటే తేడా 52. అదే కూలెంట్‌ని 71 దగ్గర ఆపాలంటే తేడా 28 మాత్రమే. అంటే అదే వేడిని తోసేయడానికి దాదాపు రెండింతల రేడియేటరో, రెండింతల గాలో కావాలి. మీ కారులో ఆ రెండూ లేవు కాబట్టి, విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఆ వాల్వ్ బార్లా తెరుచుకుని ఊరికే కూర్చుంటుంది, టెంపరేచర్ మాత్రం పాత చోటికే వెళ్లిపోతుంది.

ఎల్‌ఎస్1 ఇంజన్ ఉన్న సీ5 కార్వెట్‌నే తీసుకోండి, ఈ మాడిఫికేషన్‌కి అమెరికాలో పేరుమోసిన బండి అది. కంపెనీ బిగించిన థర్మోస్టాట్ 86 డిగ్రీలది. కానీ కంపెనీ సెట్టింగ్ ప్రకారం, ఏసీ ఆపి ఉంటే, ఫ్యాన్లు మొదటి స్పీడులో తిరగడం మొదలయ్యేది 108 డిగ్రీల దగ్గర, రెండో స్పీడు 113 దగ్గర. హైవే మీద ఎదురుగాలి ఉంటుంది కాబట్టి 71 థర్మోస్టాట్ తేడా కనిపిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగారా, ఫ్యాన్ తిరిగేదాకా అదీ 108కి ఎక్కాల్సిందే. అందుకే అక్కడ తెలిసిన ట్యూనర్ ఎవరైనా థర్మోస్టాట్‌తో పాటు ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఫ్యాన్ సెట్టింగ్ కూడా దించుతాడు. వీడియోల్లో ఈ ముక్క సగంమంది చెప్పరు.

అపోహ: మన ఎండలకి అసలు థర్మోస్టాటే అక్కర్లేదు, పీకేస్తే సరి

ఇది మన దగ్గర గల్లీకొకరు చెప్పే సలహా, అన్నిటికంటే ప్రమాదమైనది కూడా ఇదే. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కి రెండో వైపు ఇంకో బిళ్ల ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరుచుకుంటుంటే, ఆ బిళ్ల వెళ్లి బైపాస్‌ని, అంటే రేడియేటర్‌కి వెళ్లకుండా కూలెంట్ తిరిగే అడ్డదారిని, మూసేస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. ఫలితం: పొద్దున చలికి ఇంజన్ వేడెక్కదు, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మామూలుకంటే ఎక్కువ మరిగిపోతుంది. అలా పీకేసిన ఒక కారు మా దగ్గరికి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య సీల్) పోయాక వచ్చింది. మిగిల్చిన డబ్బు కొత్త థర్మోస్టాట్ ధర, అయిన ఖర్చు హెడ్ దించి ఫేసింగ్ (చదును) చేయించిన బిల్లు.

"నీళ్లు స్పీడుగా వెళ్తే వేడిని పట్టుకునే టైం ఉండదు, అందుకే హీటెక్కుతుంది" అని కొందరు సీనియర్లు కూడా చెబుతారు. అది నిజం కాదు, ప్రవాహం పెరిగితే వేడి మార్పిడి పెరుగుతుందే కానీ తగ్గదు. అసలు కారణం పైన చెప్పిన బైపాసే.

అపోహ: చల్లగా ఉంటే పవర్ పెరుగుతుంది

కొంత నిజం ఉంది. హెడ్ చల్లగా ఉంటే నాక్ (స్పార్క్ మంట చేరకముందే పెట్రోల్ తనంతట తాను పేలడం) తగ్గుతుంది, నాక్ తగ్గితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ వేళ, ముందుకు జరిపి పవర్ పెంచొచ్చు. కానీ జరిపేవాడు ఉండాలి కదా, ట్యూన్ మార్చకుండా థర్మోస్టాట్ మాత్రం మారిస్తే వచ్చేది అంతంతమాత్రం. ఒక్క క్వార్టర్ మైల్ డ్రాగ్ రన్‌కి (నాలుగొందల మీటర్ల నేరు పరుగుకి) చల్లగా మొదలుపెట్టడం పనికొస్తుంది, వేడి ఎక్కేలోపే రన్ అయిపోతుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో వరసగా ల్యాప్‌లు తిప్పితే ఆ లాభం ఆవిరైపోతుంది, అక్కడ కావాల్సింది ఆయిల్ కూలర్. టర్బో కార్లయితే మంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పెట్టిన డబ్బు దీనికంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ నాక్‌ని ఎక్కువగా పెంచేది లోపలికి వచ్చే గాలి వేడి.

పైగా చలికి కూడా ఖరీదుంది. కూలెంట్ మరీ చల్లగా ఉంటే ఈసీయూ బండి ఇంకా వార్మప్‌లోనే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ వదలొచ్చు, పీ0128 కోడ్‌తో (కూలెంట్ చాలినంత వేడెక్కలేదని) చెక్ ఇంజన్ లైట్ వెలగొచ్చు. ఆయిల్ సరిగ్గా వేడెక్కకపోతే అందులో చేరిన నీటి ఆవిరి, పెట్రోల్ బయటికి పోవు. ఆఫీసుకి రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగే బండికి ఆయిల్ క్యాప్ కింద వెన్నలాంటి తెల్లటి జిడ్డు కనిపించేది అందుకే.

అపోహ: కంపెనీవాళ్లు మైలేజీ కోసం ఇంజన్‌ని ఉడకబెడుతున్నారు

మైలేజీ, ఎమిషన్స్ కోసం వేడిగా నడుపుతారన్నది నిజమే, కానీ ఎప్పుడూ కాదు. బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్‌లో థర్మోస్టాట్‌కి కరెంట్‌తో నడిచే హీటర్ ఉంటుంది. నెమ్మదిగా పోతుంటే 112 దాకా ఉండనిస్తుంది, గట్టిగా తొక్కితే హీటర్‌తో మైనాన్ని కరిగించి వాల్వ్ ముందే తెరిచి 90 దగ్గరికి దించేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ మూడో తరం ఈఏ888 ఇంజన్‌లో మైనం థర్మోస్టాట్ స్థానంలో మోటారుతో తిరిగే వాల్వే ఉంది, 86 నుంచి 107 మధ్య ఈసీయూ ఇష్టం. ఇలాంటి వాటికి బయటి చల్లటి థర్మోస్టాట్ కోసం వెతకడం దండగ, మంచి ట్యూనర్ సాఫ్ట్‌వేర్‌లోనే చూసుకుంటాడు. ఇక ఫార్ములా వన్‌లో కూలెంట్‌ని కావాలనే వందకి పైన, ప్రెషర్‌లో ఉంచి నడుపుతారు, ఎందుకంటే వేడి ఎక్కువైతే రేడియేటర్ చిన్నదైనా సరిపోతుంది.

అపోహ: మీటర్ ముల్లు మధ్యలో ఉంది, అంతా బాగానే ఉంది

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో ముల్లు 90 మీద ఉందంటే అసలు టెంపరేచర్ 75 నుంచి 107 దాకా ఎంతైనా కావచ్చు. కస్టమర్‌కి టెన్షన్ లేకుండా అలా పెట్టారు. ఒక చిన్న ఓబీడీ స్కానర్ (కారు సాకెట్‌కి తగిలిస్తే ఈసీయూ అంకెలు చూపించేది) కొనుక్కుని అంకె చూడండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, రేడియేటర్ క్యాప్ మంచిగా ఉంటే 120 దగ్గర కూడా మరగదు, కాబట్టి 103 కనబడగానే కంగారు పడక్కర్లేదు.

నిజంగానే హీటెక్కుతుంటే ముందు రేడియేటర్ క్యాప్ మార్చండి, చవకైన పని. తర్వాత ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చూడండి, దుమ్ము, పురుగులు అట్టకట్టి ఉంటాయి, ముందు నుంచి కడిగితే అవి పోవు, కండెన్సర్ జరిపి వెనక నుంచి కడగాలి. బోరు నీళ్లు పోసే అలవాటుంటే లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ రెండు స్పీడులూ తిరుగుతున్నాయా చూడండి. ఇవన్నీ అయ్యాకే థర్మోస్టాట్. అదీ అనుమానం ఉంటే తీసి, దారంతో గిన్నె నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడి చేయండి, 87 అని రాసి ఉంటే ఆ దరిదాపుల్లో కదలడం మొదలవ్వాలి. తిరిగి బిగించేటప్పుడు అంచు మీద ఊగే చిన్న పిన్ను ఉంటే అది పైవైపు ఉండాలి, గాలి బయటికి పోయేది అందులోంచే.