కాంట్రాక్టర్ మనుషులు మన మనుషులు కారా? ఫ్యాక్టరీ ఓనర్ల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు ఉన్న చిన్న, మధ్యతరహా యూనిట్లకు హెచ్‌ఆర్, సేఫ్టీ పనులు చూస్తుంటాను. లోహపు రేకులు ఒత్తే ప్రెస్ షాపుకి వెళ్లినా, మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్‌కి వెళ్లినా ఓనర్ల నోట వినే మాటలు దాదాపు ఒకటే. దుర్బుద్ధితో అనేవి తక్కువ. ఎప్పుడో పాత అకౌంటెంటో, పక్క షెడ్డు ఓనరో చెప్పారు, వీళ్లు నమ్మేశారు. వాటిలో బాగా కొంప ముంచేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: "వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. ఏదైనా అయితే ఆయనే చూసుకుంటాడు."

వాస్తవం: ఏదైనా అయితే చట్టం ముందుగా తలుపు తట్టేది మీ ఇంటిదే. మీ ఆవరణలో, మీ పని చేస్తూ కాంట్రాక్ట్ కార్మికుడు దెబ్బతింటే పరిహారం మీ దగ్గర రాబట్టుకునే హక్కు అతనికి ఉంది. తర్వాత మీరు కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటారా లేదా అన్నది మీ ఇద్దరి గొడవ. 1923 నాటి పరిహార చట్టంలోనూ ఇంతే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇంతే. కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొట్టి ఫోన్ స్విచాఫ్ చేసుకున్నా కట్టాల్సింది మీరే.

"అగ్రిమెంట్‌లో రాయించుకున్నాం సార్, బాధ్యత మొత్తం వాళ్లదే అని" అంటారు. స్టాంపు పేపర్ మీద ఏం రాసుకున్నా అది మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. చనిపోయినవాడి భార్య దానిమీద సంతకం పెట్టలేదు కదా.

డబ్బు సంగతి అలా ఉంచండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. బీహార్, ఒడిశా, జార్ఖండ్, యూపీల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. ఏ దేహం ఎవరిదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. రోజుల తరబడి బంధువులు గేటు దగ్గర ఎదురుచూశారు. అప్పటి నుంచి ఏ యూనిట్‌కి వెళ్లినా ముందు ఒకటే అడుగుతున్నాను: "ఈ నిమిషంలో లోపల ఎంతమంది ఉన్నారు? పేర్లు చెప్పండి."

స్టాఫ్ లెక్క బయోమెట్రిక్‌లో వెంటనే వచ్చేస్తుంది. కాంట్రాక్ట్ వాళ్ల లెక్క కోసం సూపర్‌వైజర్ మేస్త్రికి ఫోన్ చేస్తాడు. మేస్త్రి "పద్దెనిమిది మంది సార్" అంటాడు. పేర్లు అడిగితే "బబ్లూ, ఛోటూ, ఇంకా మొన్న వచ్చిన ఇద్దరు కొత్తోళ్లు..." దగ్గర ఆగిపోతుంది. గేటు దగ్గరే ఆధార్ పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసుకుని, షిఫ్టు లిస్టు కాపీ ఒకటి సెక్యూరిటీ రూములో పెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఒక లాంగ్ నోటుబుక్కు చాలు. అది ప్లాంటు బయట ఉండాలి, అంతే. అడ్మిన్ బ్లాకులో కంప్యూటర్‌లో ఉన్న లిస్టు, ఆ బ్లాకే కూలిపోయిన రోజున ఎవరికీ అందదు.

అపోహ: "కొత్తవాళ్లు నిలబడతారో లేదో తెలియదు. మూడు నెలలు చూసి ఈఎస్‌ఐలో ఎక్కిస్తాం."

వాస్తవం: పది మంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకి చేరిన రోజు నుంచే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ట్రయల్ పీరియడ్ అనేది అందులో లేదు. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే ప్రయోజనాలకు ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. పైగా ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఎవరికి? మెషిన్ అలవాటు కాని కొత్తవాళ్లకే. అంటే ఏ మూడు నెలలు అవసరం ఎక్కువో, సరిగ్గా ఆ మూడు నెలలే మీరు గొడుగు మూసి పెట్టుకుంటున్నారు.

యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 15,000 జీతగాడికి మీరు కట్టేది నెలకు 488 రూపాయలు. అదీ కట్టకుండా, ప్రమాదం జరిగిన సాయంత్రం హడావిడిగా పేరు ఎక్కించి పాత తేదీ వేసే తెలివితేటలు కొందరికి ఉంటాయి. రిజిస్టర్ అయిన సమయం పోర్టల్‌లోనే కనిపిస్తుంది, హాస్పిటల్ కాగితాల్లో చేర్చుకున్న టైము ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి పెద్ద ఇన్‌స్పెక్టర్ అక్కర్లేదు.

అపోహ: "తప్పు వాడిదే. తాగొచ్చాడు, మెషిన్ గార్డు వాడే తీసేశాడు. మాకేం సంబంధం?"

వాస్తవం: ఈ వాదనకు చట్టంలో కొంత చోటు ఉంది, కానీ ఓనర్లు అనుకున్నంత లేదు. తాగి ఉన్నాడనో, కావాలని మెషిన్‌కి ఉన్న రక్షణ కవచం (గార్డు) తీసేశాడనో చిన్న గాయాలకు, పాక్షిక వైకల్యానికి చెప్పుకోవచ్చు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ వాదన చెల్లదు. పరిహారం ఇవ్వాల్సిందే.

చెల్లే చోట కూడా నిలబెట్టడం కష్టం. పవర్ ప్రెస్‌కి రెండు బటన్లు ఎందుకుంటాయి? రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే పైనుంచి ఒత్తే భాగం (రామ్) దిగాలి, అచ్చు (డై) కింద చెయ్యి ఉండకూడదు. ఒక షాపులో చూశాను, ఎడమవైపు బటన్‌లో చెక్క ముక్క దూర్చి ఇన్సులేషన్ టేపు చుట్టారు. టేపు అంచులు లేచి, నల్లగా జిడ్డు పట్టి ఉంది. నిన్న మొన్న చుట్టింది కాదు. ఆ వరసలో రోజూ నాలుగుసార్లు తిరిగే సూపర్‌వైజర్‌కి అది కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు? ఆపరేటర్‌ని అడిగితే దాచలేదు: "రెండు చేతులతో నొక్కితే టార్గెట్ రాదన్నా." పీస్ రేటు అలా పెట్టి, ఆ తర్వాత క్రమశిక్షణ గురించి మెమో ఇస్తే ఏం లాభం? ముందు రేటు మార్చాలి, బటన్‌ని కట్టేస్తే మెషిన్ నడవకుండా వైరింగ్ మార్చాలి. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

అపోహ: "హెల్మెట్లు, గ్లౌజులు, షూ అన్నీ ఇచ్చాం. ఇంకేం చేయాలి?"

వాస్తవం: అవి చివరి వరస. ముందు ప్రమాదాన్ని తీసేయగలమా, మెషిన్‌కి గార్డు పెట్టగలమా, మనిషిని దూరంగా ఉంచగలమా అని చూడాలి. అదీగాక అన్నిచోట్లా గ్లౌజులు మంచివి కావు. డ్రిల్లింగ్ మెషిన్, లేత్ దగ్గర గుడ్డ గ్లౌజు కొస తిరిగే బిట్‌కి తగిలితే వేలితోపాటు చెయ్యి కూడా లోపలికి లాగేస్తుంది. అక్కడ ఒట్టి చేతులే క్షేమం. "గ్లౌజులు తప్పనిసరి" అని గోడంతా బోర్డులు పెట్టిన షాపులో లేత్ ఆపరేటర్ కూడా బుద్ధిగా తొడుక్కుని కనిపిస్తాడు, చూస్తే ప్రాణం గిలగిలలాడుతుంది. ఆ బోర్డులు కూడా ఇంగ్లీషులోనో తెలుగులోనో ఉంటాయి, చదవాల్సినవాడికి వచ్చింది హిందీయో ఒడియానో. బోర్డు ఆడిటర్ కోసమా, ఆపరేటర్ కోసమా?

అపోహ: "మావాడికి పదిహేనేళ్ల అనుభవం. రియాక్టర్‌లోకి కళ్లు మూసుకుని దిగుతాడు."

వాస్తవం: రియాక్టర్ అంటే రసాయనాలు కలిపే పెద్ద మూతపాత్ర. అందులో ఉండిపోయే నైట్రోజన్‌ వాయువుకి అనుభవంతో పనిలేదు. వాసన లేదు, రంగు లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. గాలిలో ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే లోపలికి దిగకూడదు. నైట్రోజన్ నిండిన వెసెల్‌లో ఒకటి రెండు ఊపిర్లకే మనిషి పడిపోతాడు. పడిపోయినవాణ్ని చూసి పక్కవాడు ఆగలేక దిగుతాడు, వాడి కోసం ఇంకొకడు. మ్యాన్‌హోల్స్‌లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురు చనిపోయారని వార్త వస్తే చాలాసార్లు వెనక ఉండేది ఇలా ఒకరి కోసం ఒకరు దిగడమే.

వర్క్ పర్మిట్ (దిగే ముందు అన్నీ చూసి రాసిచ్చే అనుమతి) ఉంది కదా అంటారు. ఆ పర్మిట్ పుస్తకం తెరిచి చూడండి. తర్వాతి పది పేజీల్లో ముందే సంతకాలు ఉంటే అది పర్మిట్ కాదు. పొద్దున తొమ్మిదికి తీసిన గ్యాస్ రీడింగ్ మధ్యాహ్నం భోజనం తర్వాత దిగేవాడికి పనికిరాదు, మళ్లీ తీయాలి, అదీ పైన, మధ్యలో, అడుగున. నైట్రోజన్ లైనుకి వాల్వు మూస్తే సరిపోదు. లైను విప్పాలి, లేదా పైపుకి అడ్డంగా రేకు (బ్లైండ్ ప్లేటు) వేయాలి. లోపలివాడికి హార్నెస్, తాడు, పైన కదలకుండా నిలబడే ఒక మనిషి ఉండాలి. ఆ పైమనిషికి ఇవ్వాల్సిన మొదటి ఆర్డర్: ఏం జరిగినా నువ్వు దిగొద్దు, తాడు లాగు, గట్టిగా కేకలు వెయ్యి.

అపోహ: "ఉన్నదే ముగ్గురు లేడీస్. ఇంటర్నల్ కమిటీ ఎందుకు?"

వాస్తవం: పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఈ కమిటీ పెట్టమన్న 2013 చట్టం లెక్కపెట్టేది మొత్తం ఉద్యోగులను, ఆడవాళ్లను మాత్రమే కాదు. పది మంది ఉంటే కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు. లేకపోతే 50,000 దాకా జరిమానా. ఫిర్యాదు వస్తే "ఏదో కొంత ఇచ్చి సెటిల్ చేద్దాం" అనే సలహా కూడా వింటుంటాను. రాజీకి ఫిర్యాదుదారు తానే అడిగితే వీలుంది గానీ, డబ్బు ప్రాతిపదికన రాజీ కుదరదని ఆ చట్టమే చెబుతోంది.

అపోహ: "మా బోర్డు చూడండి, 1,000 రోజులుగా జీరో యాక్సిడెంట్స్."

వాస్తవం: బోర్డు పక్కనే బోనస్ కూడా ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. యాక్సిడెంట్ నమోదైతే షిఫ్టు మొత్తానికి బోనస్ పోతుందంటే, వేలు తెగినవాడు కట్టు కట్టుకుని "బండి మీంచి పడ్డాను" అంటాడు. అతని తప్పు కాదు, తోటివాళ్ల కోపం భరించలేడు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో బ్యాండేజీ ఎన్నిసార్లు తెప్పించారో స్టోర్స్ బిల్లుల్లో చూసి, యాక్సిడెంట్ రిజిస్టర్‌తో పోల్చండి. అసలు లెక్క అక్కడ దొరుకుతుంది. ఆ బోనస్ డబ్బునే, "ఇక్కడ జారుతోంది, అక్కడ గార్డు ఊడింది" అని ముందుగా వచ్చి చెప్పినవాళ్లకి ఇవ్వడం మొదలుపెట్టండి. మొదటి నెల రిజిస్టర్ నిండిపోతే కంగారుపడకండి, సూపర్‌వైజర్ల మీద అరవకండి. అరిస్తే రెండో నెలకి మళ్లీ జీరో వస్తుంది.