ఇద్దరు తెలుగువాళ్లు, ఒక అంతరాత్మ

రాష్ట్రపతి ఎన్నిక వస్తే చాలు, ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాట మళ్లీ పేపర్లకెక్కుతుంది. ఆ మాట కనబడితే విశాఖలో పాత రైల్వేవాళ్లకు వి.వి.గిరి గుర్తొస్తారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ ఉద్యోగి నాతో అన్నారు: "గిరిగారు మా బీఎన్ఆర్ మనిషండీ, ఆయన్ని గెలిపించింది కార్మికులే." గిరి గెలిచిన 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఓటేసింది ఎంపీలు, ఎమ్మెల్యేలే, కార్మికులకు ఓటే లేదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆయన అభిమానం ఊరికే పుట్టింది కాదు. వాల్తేరు దాకా పరుచుకున్న బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్)లో కార్మికుల సంఘాన్ని గిరి నడిపారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించారు. అయితే ఇదే ఉత్తరాంధ్ర 1957లో ఆయన్ని ఇంటికి పంపింది. పార్వతీపురం అప్పుడు ద్విసభ్య లోక్‌సభ స్థానం: ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ రిజర్వుడు. ఓట్లు లెక్కపెడితే రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. జనరల్ సీటు నాది కావాలని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది. 1961లో అలాంటి నియోజకవర్గాలనే ఎత్తేశారు.

1969లో ఆయన ప్రత్యర్థి నీలం సంజీవరెడ్డిదీ మచ్చలేని చరిత్ర కాదు. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల తర్వాత 1964లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. అయినా ఆయన్ని దెబ్బతీసింది ఆ పాత కేసు కాదు, వెనకున్న మనుషులు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు ఇందిర మాట కాదని, సిండికేట్ (ఇందిరకు ఎదురు నిలిచిన కాంగ్రెస్ పెద్దల వర్గం) మనిషి అనిపించుకున్న సంజీవరెడ్డిని నిలబెట్టింది. నామినేషన్ మీద ఇందిరే సంతకం పెట్టారు. మొరార్జీ నుంచి ఆర్థికశాఖ లాక్కుని, జులై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. మర్నాడే గిరి ఉపరాష్ట్రపతి, తాత్కాలిక రాష్ట్రపతి పదవులకు రాజీనామా చేసి స్వతంత్రంగా బరిలోకి దిగారు. పేదల పక్షం ఎవరు, పెద్దల పక్షం ఎవరు అన్న గీత వారంలో పడిపోయింది.

ఇక్కడే పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప తప్పటడుగు వేశారు. సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన జనసంఘ్, స్వతంత్ర పార్టీల దగ్గరికెళ్లి రెండో ప్రాధాన్య ఓట్లు (మొదటి ఎంపిక పోటీ నుంచి తప్పుకుంటే లెక్కకొచ్చేవి) అడిగారు. ఇందిర వర్గానికి కావలసింది అదే. చూశారా, మితవాదులతో కుమ్మక్కయ్యారన్నారు. విప్ ఇవ్వకుండా, అంతరాత్మ ప్రకారం ఓటేయమన్నారు.

ఆగస్టు 20న లెక్కింపు. ఎంపీ, ఎమ్మెల్యేల ఒక్కో ఓటుకూ ఒక్కో విలువ ఉంటుంది; గెలవాలంటే మొత్తం 4,18,169 విలువ (కోటా) కావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. రెండో ప్రాధాన్యం కలిపాక రెడ్డి ఖాతాలో ఏకంగా 91,879 చేరాయి, గిరికి దక్కినవి 18,562. అంటే నిజలింగప్ప అడిగిన ఓట్లు నిజంగానే పడ్డాయి! కాకపోతే వాటికోసం చెయ్యి చాచినందుకు సొంత పార్టీ ఓట్లు జారిపోయాయి. గిరి 4,20,077తో గట్టెక్కారు. కోటా మీద మిగులు 1,908.

రెడ్డి వ్యక్తిత్వం మీద బురదజల్లే ఊరూపేరూ లేని కరపత్రం కూడా పార్లమెంటు సభ్యుల మధ్య తిరిగింది. దాని మీద ఎన్నికల పిటిషన్లు పడితే, గిరి రాష్ట్రపతిగా ఉంటూనే సుప్రీంకోర్టులో సాక్ష్యం చెప్పారు. కరపత్రం పంచిన మాట నిజమే గానీ ఆయన ప్రమేయం రుజువు కాలేదని కోర్టు కొట్టేసింది.

అప్పట్లో ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరిస్తే నామినేషన్ చెల్లేది. అందుకే ఆ ఎన్నికలో 15 మంది నిలబడ్డారు. 1974లో ఆ సంఖ్యను చెరో పదికి పెంచారు. ఆ తర్వాతి నిబంధనలతో 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. మిగిలిన ఒక్కటీ సంజీవరెడ్డిది. 1980 జనవరి 14న ఇందిర చేత ప్రధానిగా ప్రమాణం చేయించిందీ ఆయనే.